జుమా నాటి మధ్యాహ్న భోజనం

మదీనాలో ఒక వృద్ధురాలు ఉండేది. తన చేను కాలువ గట్ల వెంట 'సిల్ఖ్' అనే ఆకుకూర వేసేది. అది చూడటానికి మన పాలకూరలా ఉంటుంది, బీట్‌రూట్ జాతికి చెందినది. జుమా రోజు రాగానే ఆమె ఆ మొక్కల వేళ్లు పీకి కుండలో వేసి, పిడికెడు బార్లీ కలిపి ఉడికించేది. అందులో మాంసం లేదు, కొవ్వు లేదు. ఆ వేళ్లే మాంసం ముక్కలకు బదులు. నమాజు ముగించుకుని సహాబాలు ఆమె ఇంటికి వెళ్లి సలాం చేసేవారు. ఆమె ఆ వంటకం తెచ్చి వారి ముందు పెట్టేది. ఆ భోజనం కోసమే తాము జుమా ఎప్పుడు వస్తుందా అని ఎదురు చూసేవాళ్లమని హజ్రత్ సహ్ల్ బిన్ సఅద్ (రజి) చెప్పుకున్నారు. ఈ ఉల్లేఖనం సహీహ్ బుఖారీలో ఉంది.

ఒక్కసారి ఆలోచించండి. ఆ ఉల్లేఖనంలో ఆమె పేరు లేదు. ఆమె పెట్టిన ఆకుకూర మాత్రం పధ్నాలుగు వందల సంవత్సరాలుగా ముస్లిం సమాజానికి గుర్తుంది. ఎందుకని? ఆమె తనకు లేనిదాన్ని తెచ్చి పెట్టలేదు. తన గట్టు మీద మొలిచినదాన్ని, తన చేత్తో వండి, ప్రేమతో పెట్టింది.

మన ఇళ్లలో జరుగుతున్నదేమిటి?

"ఏమండీ, ఫుప్పమ్మను భోజనానికి పిలిచి ఎన్నాళ్లయింది?" అని ఇల్లాలు అడుగుతుంది. "పిలిస్తే ఊరికే పిలుస్తామా? బిర్యానీ చేయాలి, దాల్చా చేయాలి, మీఠా చేయాలి. చేతిలో నాలుగు డబ్బులు ఆడనీ, చూద్దాం" అని భర్త జవాబు చెబుతాడు. ఆ మాటలో చెడు ఉద్దేశం లేదు. ఫుప్పమ్మ మీద గౌరవమే అలా మాట్లాడిస్తుంది. కాని ఆ నాలుగు డబ్బులు ఆడేసరికి పిల్లల ఫీజులు వస్తాయి, తర్వాత రంజాన్ వస్తుంది, ఆ తర్వాత ఎవరిదో పెళ్లి వస్తుంది.

ఈ మాట ఇతరులను ఎత్తిచూపటానికి రాయటం లేదు. మా ఇంట్లోనూ ఇదే జరిగింది. అదే ఊళ్లో, రెండు వీధుల అవతల ఉండే పెద్దావిడను ఘనంగా పిలవాలని రెండు వేసవులు వాయిదా వేశాము. మూడో వేసవిలో ఆమె ఇంటికి జనాజా కోసం వెళ్లాము. మామిడికాయ పప్పు అంటే ఆమెకు ఎంత ఇష్టమో అక్కడ కూర్చున్నవారు చెప్పుకుంటుంటే విన్నాము. ఆ పప్పు మా ఇంట్లో వారానికి రెండుసార్లు వండేవారు. ఆమెను పిలవటానికి మాకు లోటు పడింది డబ్బు కాదు. ఉన్నదాంతో పిలవవచ్చునన్న ఇంగితం.

తకల్లుఫ్ అనే బరువు

శక్తికి మించి మర్యాదలు నెత్తినేసుకోవటాన్ని 'తకల్లుఫ్' అంటారు. హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) తన ఇంటికి వచ్చిన అతిథుల ముందు రొట్టె, ఉప్పు పెట్టారు. దైవప్రవక్త (స) మమ్మల్ని తకల్లుఫ్ నుంచి వారించి ఉండకపోతే మీ కోసం ఇంకేదైనా చేసి ఉండేవాణ్ణని చెప్పారు. ఉప్పులోకి కాస్త సుగంధపు ఆకు ఉంటే బాగుండునని ఒక అతిథి అన్నాడు. సల్మాన్ (రజి) తన నీళ్ల పాత్రను తాకట్టు పెట్టి దాన్ని తెప్పించారు. భోజనం అయ్యాక ఆ అతిథి, ఇచ్చినదానితో తృప్తిపడేలా చేసిన అల్లాహ్‌కు స్తోత్రం చెప్పాడు. నువ్వు తృప్తిపడి ఉంటే నా పాత్ర తాకట్టులో ఉండేది కాదని సల్మాన్ (రజి) అన్నారు.

ఈ సంఘటన ఆతిథ్యమిచ్చేవారికీ, అతిథికీ ఇద్దరికీ పాఠమే. దావత్ పేరిట అప్పు చేసిన ఇంట్లో మరుసటి నెల సంతోషం ఉండదు. అతిథి వెళ్లిపోతాడు, వాయిదా మిగులుతుంది.

మహాప్రవక్త (స) ఒకసారి ఇంట్లో రొట్టెలోకి ఏముందని అడిగితే సిర్కా తప్ప మరేమీ లేదన్నారు. ఆయన దాన్నే తెప్పించుకుని, సిర్కా ఎంత మంచి ఆధరువో అంటూ భుజించారు (ముస్లిం). ఆయన ఏనాడూ ఆహారానికి వంక పెట్టలేదు. నచ్చితే తినేవారు, లేకుంటే ఊరుకునేవారు.

కాలం ఇచ్చినదే విందు

ఒకనాడు ఆకలితో బయటికి వచ్చిన దైవప్రవక్త (స), అబూబకర్ (రజి), ఉమర్ (రజి) ఒక అన్సారీ ఇంటికి వెళ్లారు. ఆయన సంతోషం పట్టలేక ముందుగా ఖర్జూర గెల ఒకటి కోసి తెచ్చారు. అందులో దోరవీ, పండినవీ, ఎండినవీ అన్నీ ఉన్నాయి. తర్వాత మేకను కోయబోతే, పాలిచ్చేదాన్ని కోయవద్దని ప్రవక్త (స) చెప్పారు. తిని, నీళ్లు తాగి తృప్తిపడ్డాక, ఈ అనుగ్రహాన్ని గురించి ప్రళయదినాన ప్రశ్నించటం జరుగుతుందని తన సహచరులను హెచ్చరించారు (ముస్లిం). గెడు ఖర్జూరాలు, చల్లని నీళ్లు కూడా లెక్క చెప్పవలసిన వరాలే!

ఆయన (స) దోసకాయను తాజా ఖర్జూరంతో కలిపి తినేవారు. పుచ్చకాయనూ అలాగే తినేవారు, దాని చలువ దీని వేడిని తగ్గిస్తుందనేవారు. ఆ ఏటి తొలి పండు ఎవరైనా తెచ్చి ఇస్తే శుభం కోసం దుఆ చేసి, అక్కడున్న పిల్లల్లో అందరికంటే చిన్నవానికి ఇచ్చేవారు. ఈ ఏడాది మన ఇంటికి వచ్చే మొదటి మామిడిపండును ఆ సున్నత్ ప్రకారం పంచి చూడండి.

మరి మన నేలకు అల్లాహ్ ఈ ఎండాకాలంలో ఏం తక్కువ చేశాడు? మామిడికాయ పప్పు, దోసకాయ పచ్చడి, సొరకాయ కూర, మూడో రోజు తిరగకలిపిన కొత్త ఆవకాయ, కుండలో తోడేసిన పెరుగు. తాగటానికి మజ్జిగ, సబ్జా గింజలు వేసిన నిమ్మ షర్బత్. చివర్లో ముంజలో, పుచ్చకాయ ముక్కలో, బంగినపల్లి పండో. పప్పు, కూర పొద్దెక్కకముందే దించేయవచ్చు, పెరుగు రాత్రే తోడేయవచ్చు. నమాజు వేళకు పొయ్యి ఆరిపోయి ఉంటుంది.

ఈ చివరి మాట మగవారు శ్రద్ధగా వినాలి. మే నెల ఎండలో మనం ఫ్యాను కింద కూర్చుని మరో రకం వంట ఏదని అడిగితే, దాని వెల చెల్లించేది వంటగదిలో చెమటలు కక్కే ఇల్లాలు. దైవప్రవక్త (స) ఇంట్లో ఉన్నప్పుడు ఇంటివారి పనుల్లో పాలుపంచుకునేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. దస్తర్‌ఖాన్ పరచటం, నీళ్లు అందించటం, ఎంగిలి పళ్లాలు ఎత్తటం మన వంతు కావాలి. ఆమె కూడా అతిథులతో పాటు తృప్తిగా కూర్చుని తిన్ననాడే అది విందు.

ఎవరిని పిలవాలి?

ధనికులను పిలిచి పేదలను వదిలేసే వలీమా భోజనం అన్నిటికంటే చెడ్డదని హదీసు. కనుక మన దస్తర్‌ఖాన్ మీద ఒంటరిగా ఉండే బంధువు ఉండాలి, పిల్లలు దూరాన ఉన్న ముసలి దంపతులు ఉండాలి, మస్జిదులో చివరి వరుసలో నిలబడే కూలీ సోదరుడు ఉండాలి. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) ఇంట్లో మేకను కోసినప్పుడు, మన యూదు పొరుగువానికి పంపారా అని ఆయన మళ్లీ మళ్లీ అడిగారు. మన హిందూ, క్రైస్తవ పొరుగువారిని మరిచిపోతే ఆ విందు పూర్తి కాదు. ఇద్దరి భోజనం ముగ్గురికి సరిపోతుందన్న ప్రవక్త (స) మాట మీద నమ్మకముంచండి.

అతిథికి కూడా బాధ్యత ఉంది. అహ్‌జాబ్ సూరా 53వ ఆయతులో అల్లాహ్ విశ్వాసులకు మర్యాద నేర్పాడు. పిలిస్తే వెళ్లాలి, తిన్నాక కబుర్లలో పడి ఇంటివారిని ఇబ్బంది పెట్టకుండా లేవాలి. సహాబాలు జుమా రోజు భోజనం, మధ్యాహ్నపు కునుకు నమాజు తర్వాతే పెట్టుకునేవారు. ఇంటివారికీ ఆ కాస్త కునుకు దక్కనివ్వాలి. వెళ్లేముందు వారి ఉపాధిలో శుభం కోసం దుఆ చేయాలి.

సోదర సోదరీమణులారా! వచ్చే జుమాకు ఒక్కరినైనా పిలవండి. "మా ఇంట్లో పప్పన్నమే, తప్పక రండి" అనటానికి సిగ్గుపడకండి. మీ జాబితాలో మొదటి పేరు, మీరు ఎంతోకాలంగా వాయిదా వేస్తున్న ఆ పెద్దవారిదే కానివ్వండి.

ఉన్నదానిలో పెట్టే చేతులను, పెట్టినదానితో తృప్తిపడే మనసులను అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! మన దస్తర్‌ఖాన్‌లను బంధుత్వాలు కలిపేవిగా చేయుగాక! ఆమీన్.