చెప్పాలా? ఊరుకోవాలా?

మంచిపని చేస్తే నలుగురికీ తెలియాలా, అక్కర్లేదా అన్నది కొత్త ప్రశ్నేం కాదు. దానం చేసి గోడమీద పేరు చెక్కించుకునేవారూ ఉన్నారు, కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియనివ్వనివారూ ఉన్నారు. ఎవరు గొప్ప అంటే మనందరం రెండోవారినే మెచ్చుకుంటాం. మెచ్చుకుని, గోడమీద మన ఇంటిపేరులో అక్షరం తప్పు పడలేదు కదా అని చూసుకుంటాం!

ఈ ప్రశ్నే మా ఇళ్ళల్లో మరో వేషంలో వస్తుంది. మాది తెలుగు మాట్లాడే ముస్లిం కుటుంబం. గుంటూరు వైపునుంచి వచ్చి రహమత్ నగర్‌లో స్థిరపడ్డాం. జూబిలీహిల్స్ ఎంత దూరమో అంత దగ్గర కూడానండీ! అక్కడ సినిమావాళ్ళ బంగళాలు, ఇక్కడ ఆ సినిమాలకు బట్టలు కుట్టేవాళ్ళు, లైట్లు మోసేవాళ్ళు, గుంపులో నిలబడేవాళ్ళు.

మా అమ్మాయి ఫిలింనగర్‌లో ఒక ఎడిటింగు ఆఫీసులో పనిచేస్తోంది. రంజాన్ నెలంతా రోజా ఉంటుంది. మధ్యాహ్నం అందరూ క్యారియర్లు విప్పేవేళ "నాకు ఆకలిగా లేదు" అంటుందట. మొన్నటి రంజాన్‌లో ఒకరోజు మరీ బలవంతపెడితే "కడుపులో బాగాలేదు" అని చెప్పిందట. రోజా ఉన్నానని చెప్పొచ్చుగా అన్నాను.

"చెపితే ఇంకేమైనా ఉందా అమ్మీ? మంచినీళ్ళు కూడా తాగరా, ఉమ్మి కూడా మింగరా, నీ ముందు మేం తింటే పాపమా... రోజుకో అరగంట. పరీక్షకి కూర్చున్నట్టుంటుంది. అయినా ఇబాదత్ నలుగురిలో చాటుకోకూడదని నువ్వేగా చెప్పావు?"

చెప్పాను, నిజమే. నమాజు చేస్తే పక్కవాళ్ళకు కనిపిస్తుంది, హజ్‌కి వెళితే ఊరందరికీ తెలుస్తుంది. రోజా ఒక్కటే మనిషికీ దేవుడికీ తప్ప మూడోవారికి తెలియని ఆరాధన. చాటుకోవడాన్ని 'రియా' అంటారు మా పెద్దలు. అది చేసిన పుణ్యాన్నంతా తినేస్తుందంటారు. ఆ లెక్కన అమ్మాయి చేసింది సబబే కదా?

కాదనిపించింది నాకు. దాచుకోవడంలో రెండు రకాలున్నాయి. వినయంతో దాచుకోవడం ఒకటి, జంకుతో దాచుకోవడం ఒకటి. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. మా మతంలో ప్రతి పనికీ 'నియ్యత్' ముఖ్యం, అంటే మనసులోని ఉద్దేశం. "ఆకలిగా లేదు" అంటే పోనీ, గుట్టు కాపాడుకుందనుకోవచ్చు. "కడుపులో బాగాలేదు" అంటే? దేవుడికోసం చేస్తున్న పనిని రోగం చేసేసింది. ఆ మాటే చెప్పాను. ముఖం ముడుచుకుంది. మర్నాడు మాత్రం చెప్పేసిందట. అరగంట కాదు, ముప్పావుగంట పట్టిందట!

నన్ను ఆలోచింపజేసేది ఆ ముప్పావుగంటే. కార్తీక సోమవారం మీరు ఉపవాసం ఉంటారు. ఆఫీసులో ఎవరైనా టీ ఇస్తే "ఇవాళ సోమవారం అండీ" అంటారు. అంతే! ఆ రెండు మాటల వెనక ఉన్నదంతా ఎదుటివారికి తెలుసు. పదిమందీ ఆచరించేదానికి వివరణ అక్కర్లేదు, కొద్దిమంది ఆచరించేదానికి పాఠం చెప్పాలి. తక్కువమంది అంటే ఓట్ల లెక్కలో తక్కువ అనే అనుకుంటాం గాని, నన్నడిగితే ఎప్పుడూ సంజాయిషీ దగ్గర పెట్టుకుని తిరగవలసినవాళ్ళే తక్కువమంది.

సినిమావాళ్ళనే చూడండి. కొబ్బరికాయ కొట్టి, కెమెరాకి బొట్టు పెట్టి, హారతిచ్చి క్లాప్ కొడతారు. షూటింగ్ అయిపోతే గుమ్మడికాయ కొడతారు. దాన్ని మతం అని ఎవరూ అనరు, ముహూర్తం అంటారు. మా బంధువుల కుర్రాడొకడు లైట్ల డిపార్టుమెంటులో పనిచేస్తాడు. ఏం చేస్తావురా అని అడిగాను. "చేతులు కట్టుకుని నిలబడతాను చాచీ. నాకు అన్నం పెట్టే పని మొదలవుతోంది, దానికి మర్యాద ఇస్తాను. హారతి నా దాకా వస్తే నవ్వి పక్కవాడికి జరుపుతాను. ఎవరూ ఏమీ అనుకోరు" అన్నాడు. ఆ నవ్వు నేర్చుకోవడానికి వాడికి ఎన్నాళ్ళు పట్టిందో అడగలేదు.

కొద్దిమందిగా బతకడం ఇస్లాంకి కొత్తా ఏమిటి? ప్రవక్త బోధన మొదలుపెట్టాక పన్నెండు పదమూడేళ్ళు మక్కాలో ముస్లింలు గుప్పెడుమందే. 615 ప్రాంతంలో బాధలు పడలేక కొందరు సముద్రం దాటి అబిసీనియాకు వెళ్ళారు. అక్కడి రాజు నజాషీ క్రైస్తవుడు. వీళ్ళని పట్టి అప్పగించమని మక్కా పెద్దలు కానుకలతో దూతలను పంపారు. రాజు వీళ్ళనే పిలిచి అడిగాడు. ప్రవక్తకు తమ్ముడివరసైన జాఫర్, మరియమ్మ పేరుమీదున్న అధ్యాయం చదివి వినిపించాడు. రాజు కరిగిపోయాడని చరిత్రకారులు రాశారు. దూతలు ఊరుకుంటారా? ఏసుని గురించి వీళ్ళేమంటారో అడగమని మర్నాడు మళ్ళీ ఎక్కించారు. ఆ రాత్రి వీళ్ళకి వచ్చిన ప్రశ్న మా అమ్మాయికి వచ్చినదే: చెప్పాలా, ఊరుకోవాలా? ఏసు దేవుని కుమారుడు కాడు, దేవుని ప్రవక్త అని చెబితే రాజుకి కోపం రావచ్చు. ఉన్నది ఉన్నట్టే చెబుదామనుకున్నారు. చెప్పారు. రాజు కాపాడాడు.

కాని అదే కాలంలో, మక్కాలో చిత్రహింసలకు తాళలేక అమ్మార్ అనే మనిషి నోటితో విశ్వాసాన్ని కాదన్నాడు. మనసులో విశ్వాసం చెదరనప్పుడు, బలవంతానికి అన్న మాటకు దోషం లేదన్నది ఖురాన్. అంటే ఒకే మతం ఒకచోట చెప్పమంది, ఒకచోట ఊరుకోవచ్చంది. ఎదుట ఉన్నది నజాషీ దర్బారా, మక్కా పెద్దలా అన్నది తేల్చుకోవలసింది మనిషే. మా అమ్మాయి ఆఫీసు నజాషీ దర్బారే, అడిగినవాళ్ళు తెలియక అడిగారు. రైల్లో ఇఫ్తార్ డబ్బా తెరిచేముందు చుట్టూ ఒకసారి చూసే తల్లికి ఆ మాట నేను చెప్పలేను. ఇల్లు అద్దెకు అడిగినప్పుడు అంతా మాట్లాడుకుని, చివర్లో పేరు విని "అయ్యో, నిన్ననే ఇచ్చేశామండీ" అన్నవాళ్ళు మాకూ తగిలారు. అక్కడ దాచుకుందామన్నా పేరు దాగదు కదా!

ఇంకో చిత్రం. హైదరాబాదులో నా ఉర్దూ విని సాటి ముస్లింలే నవ్వుతారు. నమాజు అరబ్బీలోనే చేస్తాను గాని, పిల్లలకి జ్వరం వస్తే నేను అల్లాతో మాట్లాడేది తెలుగులోనే. ఖురాన్‌ని మొట్టమొదట తెలుగుచేసినవారు చిలుకూరి నారాయణరావుగారన్న సంగతి చెప్పి వాళ్ళ నోరు మూయిస్తుంటాను.

ప్రసాదం సంగతి చెప్పకపోతే మీరే అడుగుతారు. పక్కింటి పిన్నిగారు మొదటి ఏడు వినాయకచవితికి ఉండ్రాళ్ళు తెచ్చారు. తీసుకుని పనిమనిషికి ఇచ్చేయమని మా తోడికోడలు సలహా. అది నాకు నచ్చలేదు. ప్రేమగా తెచ్చినదాన్ని చాటుగా వదిలించుకోవడం కన్నా ముఖాన చెప్పడమే మర్యాద. "దేవుడికి పెట్టినది మేం తినం పిన్నిగారూ, ఏమీ అనుకోకండి" అన్నాను. ఆవిడ కాసేపు అలాగే నిలబడి వెళ్ళిపోయారు. రెండు రోజులు పలకలేదు. నాకు నిద్ర పట్టలేదు. మరుసటి ఏడు గిన్నెతో వచ్చి, "నైవేద్యానికి ముందే తీసి పెట్టానే. ఇది ఉత్త పిండివంట" అన్నారు. ఆవిడ మాంసం ముట్టరు. అందుకని పండుగనాటి షీర్ ఖుర్మా కోసం నేనొక కొత్త స్టీలు గిన్నె కొని, దాన్ని వేరే అరలో ఉంచుతాను. మా ఇంట్లో ఆ గిన్నె ముట్టుకుంటే పిల్లలకి తిట్లు!

2025 రంజాన్‌లో తెలంగాణ ప్రభుత్వం ముస్లిం ఉద్యోగుల్ని నాలుగింటికే ఇంటికి వెళ్ళనిచ్చింది. కొందరు మూతి విరిచారు. ఆ గంట పని ఎవరో ఒకరు మోస్తారు, నిజమే. మర్నాడు ముందుగా వచ్చి ఆ పని తీర్చేవాళ్ళున్నారు, తీర్చనివాళ్ళూ ఉన్నారు. ఆ విషయంలో మనుషులంతా ఒకటే!

చంద్రమానం కనుక రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2030లో రెండుసార్లు వస్తుంది, జనవరిలో ఒకసారి, డిసెంబరు చివర్లో ఒకసారి. జనవరిలో వచ్చేది సంక్రాంతిని కలుపుకుంటుంది. ఈ సంగతి చెబితే పిన్నిగారు అప్పుడే లెక్కలు వేసేస్తున్నారు. అరిసెలు పొద్దున్నే వండాలట, నైవేద్యానికి ముందే మా వాటా తీయాలట, సాయంత్రం మీ బాంకు ఎన్నింటికే అని అడుగుతున్నారు. అజాన్‌ని బాంకు అనడం గోదావరి జిల్లాలో వాళ్ళమ్మగారి దగ్గర నేర్చుకున్నారట.