మందుకు ఆయుష్షు పోస్తే

అన్నం తిన్నాక పేగుల్లో పుట్టే జిఎల్‌పి-1 అనే హార్మోన్ రక్తంలో రెండు నిమిషాల్లోనే సగానికి సగం పోతుంది. డిపిపి-4 అనే ఎంజైమ్ దాన్ని తెంచేస్తుంది. ఆ హార్మోన్ నమూనా మీదే తయారైన సెమాగ్లూటైడ్ అనే మందు సగానికి తగ్గడానికి మాత్రం దాదాపు వారం పడుతుంది. ఎంజైమ్ తెంచే చోట ఒక అమైనో ఆమ్లాన్ని మార్చి, ఒక కొవ్వు ఆమ్లపు గొలుసు తగిలించి, రక్తంలోని ఆల్బుమిన్‌ను అంటిపెట్టుకుని తిరిగేలా చేశారు. దీన్ని అనిత్యం మీద మనిషి గెలుపని మెచ్చుకునేవారున్నారు, సృష్టిధర్మాన్ని మీరడమని నొచ్చుకునేవారూ ఉన్నారు. ఇద్దరికీ నశించడమంటే జీవితానికి ఎదురు నిలిచేదే. నా దృష్టిలో నశించడం జీవితం పనిచేసే తీరు.

ఇన్సులిన్‌నే చూడండి. క్లోమం విడుదల చేసిన ఇన్సులిన్ రక్తంలో కొద్ది నిమిషాలే ఉంటుంది. అలా ఉండబట్టే తిన్నప్పుడు పెంచడానికి, పరుగెత్తినప్పుడు తగ్గించడానికి శరీరానికి వీలుంటుంది. పోకుండా నిలిచే ఇన్సులిన్ ప్రాణం తీయగలదు. కృష్ణాతీరపు శ్రీపర్వతంతో సంప్రదాయం ముడిపెట్టే ఆచార్య నాగార్జునుడు మూలమధ్యమకకారికలో వాదించింది ఇక్కడ సరిగ్గా అతుకుతుంది. వస్తువులకు మారని స్వభావమే ఉంటే దుఃఖం పుట్టదు, పుట్టిన దుఃఖం తొలగిపోనూ పోదు. రోగం కుదరడమూ అంతే. మారడం సాధ్యం కాని శరీరానికి ఏ వైద్యమూ పనికిరాదు.

అయితే మందు ఆయుష్షు పొడిగించడం ప్రకృతికి విరుద్ధమేనా? కాదు. ప్రతిరక్షకాల్లో ఐజిజి రకానివి సగానికి తగ్గడానికి దాదాపు మూడు వారాలు పడుతుంది. కణాలు వాటిని లోపలికి లాక్కున్నా, జీర్ణం కాకముందే ఎఫ్‌సిఆర్‌ఎన్ అనే గ్రాహకం పట్టుకుని తిరిగి రక్తంలోకి వదిలిపెడుతుంది. గర్భంలోని బిడ్డకు తల్లి ప్రతిరక్షకాలను చేరవేసేదీ ఆ గ్రాహకమే. అంటే ఏది వెంటనే పోవాలో, ఏది నిలవాలో శరీరం ముందే వేరుచేసి పెట్టుకుంది. ఈ గ్రాహకానికి మరింత గట్టిగా అతుక్కునేలా మూడు అమైనో ఆమ్లాలు మార్చిన నిర్సెవిమాబ్ అనే ప్రతిరక్షకం, ఒక్క సూదితో పసిపిల్లలను ఆర్‌ఎస్‌వి వైరస్ నుంచి నెలల తరబడి కాపాడుతుంది. తల్లి ఇచ్చే రక్షణను పొడిగించే ఇలాంటి పనిలో అహంకారం నాకు కనబడదు.

అసలైన అభ్యంతరం మరొకటి ఉంది. క్షణికత్వాన్ని మెచ్చుకోవడం ఆరోగ్యవంతులకు సులువు. రోజూ సూది గుచ్చుకునేవారికి వారానికొక్క సూది అంటే నిజమైన విముక్తి. ఈ మాటను పూర్తిగా ఒప్పుకుంటాను. కానీ వారానికోసారి తీసుకునే ఐకోడెక్ ఇన్సులిన్ పరీక్షల్లో, టైప్-1 మధుమేహం ఉన్నవారికి చక్కెర ప్రమాదకరంగా పడిపోవడం రోజువారీ ఇన్సులిన్‌తో కంటే ఎక్కువగా కనిపించింది. వారి విషయంలో లాభం ముప్పును మించలేదని 2024లో అమెరికా ఎఫ్‌డిఎ సలహాసంఘంలో ఎక్కువమంది తేల్చారు. వైరస్‌ను అడ్డుకునే ప్రతిరక్షకం నెలలపాటు ఒకే పని చేస్తే చాలు. ఇన్సులిన్ పని మాత్రం గంటగంటకూ మారుతుంది. ఇందులో రోగి సమ్మతి ప్రశ్న కూడా ఉంది. రోజూ మందు వేసుకునేవారు ఆ రోజుకే ఒప్పుకుంటారు, పడకపోతే రేపు మానేస్తారు. వారంపాటు పనిచేసే మందును ఒంట్లోకి ఎక్కించాక వెనక్కి తీయలేం. అందుకే అలాంటి సూది వేసేముందు, వికారమో కళ్లు తిరగడమో మొదలైతే మందు దిగిపోయేదాకా ఏంచేయాలో, ఎవరిని పిలవాలో వైద్యుడు కూర్చుని చెప్పాలి. రోగికి అడగడానికి తీరికా ఇవ్వాలి.