పొరుగువారి మతమును గుఱించి యడుగు ప్రశ్నలు

మొహరము దినములలో నొక సాయంకాలము కరీంనగరు ప్రాంతపు పల్లెయొకదానియందు పీర్లచావడి యెదుట మేమును మా మిత్రులొకరును నిలిచియుంటిమి. మిత్రులు విద్యావంతులు, ఏకేశ్వరోపాసనయందు దృఢవిశ్వాసము గలవారు, తమ యింట గ్రామదేవతల కొలువు మాన్పించి బంధువులచే మాటలు పడినవారు. వారు గుండములోని మంటను, దట్టీలు గట్టిన లోహపు పంజాలను, ఊదుపొగను కొంతసేపు చూచి మాతో నిట్లనిరి: "మహమ్మదీయమతమున ప్రతిమారాధనము మహాపాపమని విందుము. మఱి యీ మ్రొక్కులేమి? వీరికి తమ మతము తెలియదా? లేక ఆ మతము చెప్పునది యొకటియు, చేయునది యొకటియునా?"

ప్రశ్న సహేతుకమైనదే. ఐనను బదులు చెప్పబోయి మేమాగిపోతిమి. ఏలయన, ఆ వేళ పీర్లకు మ్రొక్కుచున్నవారిలో ఇద్దరో ముగ్గురో తప్ప ముస్లిములు లేరు. కుడుకలును బెల్లమును దెచ్చిన యాడువారు, గుండముచుట్టు నాడుచున్న పడుచువారు, తుదకు పీరునెత్తుకొని యూగుచున్నవాడు సహితము హిందువులే. తెలంగాణమున ఇట్టి పల్లెలు పెక్కు గలవు. ముస్లిముల గడప యొక్కటియు లేని యూళ్లలో సహితము పీర్లను నిలుపు వాడుక కలదు. మిత్రుల ప్రశ్న ముస్లిముల నుద్దేశించి బయలుదేరి మన వాకిటికే వచ్చి నిలిచినది. అది మొదలు ఇస్లామును గుఱించి మనవారడుగు ప్రశ్నలను, అడుగు తీరును గూడ విచారింపవలెనను కోరిక మాకు కలిగినది.

ఆ ప్రశ్నలలో కొన్నిటికి పుస్తకము తెఱచి చూచిన జాలును. ముస్లిములు మహమ్మదును పూజింతురా యని యడుగుదురు. పూజింపరు. ఆయన దేవుని సందేశమును దెచ్చిన ప్రవక్త యనియు, మనుష్యుడే యనియు వారి విశ్వాసము. 'మహమ్మదీయు'లను పేరు వారు తమకు తాము పెట్టుకొన్నది కాదు. మిత్రులు వాడిన యా మాటను మేమీ వ్యాసమున మానితిమి. పడమటిదిక్కును గొలుతురా యని మఱికొందఱడుగుదురు. మన దేశమునకు మక్కా పడమట నున్నది గనుక మనకట్లు తోచును. మొరాకోలోని ముస్లిము తూర్పుమొగమై నమాజు చేయును. క్రీ.శ. 622లో ప్రవక్త మదీనాకు తరలిన పిమ్మట కొంతకాలము అనుచరులు జెరూసలేము వైపే తిరిగి ప్రార్థించిరి. 624 ప్రాంతమున ఆ దిక్కు మాఱినది. ధర్మము తూర్పునకో పడమటికో మొగము త్రిప్పుటలో లేదను భావము ఖురాను రెండవ సూరాలోనే కలదు. కాబాలోని నల్లఱాతి మాట యింతకన్న విచారణీయము. రెండవ ఖలీఫా యైన ఉమరు ఆ ఱాతిని ముద్దాడుచు, అది ఱాయి మాత్రమే యనియు, మేలు గాని కీడు గాని చేయజాలదనియు, ప్రవక్త ముద్దాడగా జూచితిని గనుకనే తానును ముద్దాడుచున్నాననియు పలికెనని హదీసు గ్రంథములు చెప్పుచున్నవి. ఈ సంగతిని చదువరులు మఱవకుందురు గాక, ముందు పనికివచ్చును.

పీర్లపండుగ యొకయేడు వానకారున, కొన్నేండ్లకు ఎండకారున వచ్చుటేమని రైతులడుగుదురు. హిజ్రీ సంవత్సరము సుమారు 354 దినములుగల చాంద్రసంవత్సరము. మనకువలె అధికమాసము లేదు. ఏటేట పదునొకండు దినములు వెనుకకు జరిగి ఇంచుమించు 33 ఏండ్లకు ఋతువులన్నియు చుట్టివచ్చును. ఇట్టి ప్రశ్నలకు బదులు చెప్పుట తేలిక, అడుగుటయు నిరపాయము.

అపాయముతో గూడిన ప్రశ్న వేఱొకటి కలదు. ఇస్లాము కత్తిచే వ్యాపించినది కాదా యనునది. అరబ్బుల సామ్రాజ్యము యుద్ధములచే విస్తరించినదను మాట నిజము. దానిని దాచుట చరిత్రకు ద్రోహము. కాని రాజ్యము గెలుచుట వేఱు, మనస్సు మాఱుట వేఱు. మతవిషయమున బలవంతము తగదని ఖురాను రెండవ సూరా 256వ వాక్యము బోధించును. మన సీమనే చూతము. 1518లో గోలకొండ కుతుబ్‌షాహీలు స్వతంత్రులైనది మొదలు 1948లో ఆసఫ్‌జాహీల పాలన ముగియువఱకు నాలుగు వందల యేండ్లకు పైగా ఇక్కడ ముస్లిము ప్రభువులే యేలిరి. 2011 జనాభాలెక్కలలో తెలంగాణపు జిల్లాలయందు ముస్లిములు నూటికి పదుమూగురికంటె కొంచెము తక్కువ. కత్తియే మతమును వ్యాపింపజేసినదన్నచో ఆ కత్తి మిక్కిలి బద్ధకపు కత్తి యనవలసివచ్చును.

ఐనను ఈ ప్రశ్న మన జిల్లాలలో చరిత్రగ్రంథమునుండి పుట్టునది కాదు, జ్ఞాపకమునుండి పుట్టునది. రజాకార్ల దినములలో ఇండ్లు కాలినవారి మనుమలు నేడును దానిని చెప్పుకొందురు. వారి దుఃఖమును తర్కముతో కొట్టివేయుటకు మేమెవ్వరము? కాని ఆ దుఃఖమునకు మతమే కారణమనునప్పుడు మఱి రెండు సంగతులు చెప్పకతప్పదు. రజాకార్లను తన 'ఇమ్రోజ్' పత్రికలో ఎదిరించి, హైదరాబాదు భారతదేశమున చేరవలెనని వ్రాసిన షోయబుల్లా ఖాను ముస్లిమే; 1948 ఆగస్టులో ఆయనను నడివీథిలో చంపిరి. ఆ సెప్టెంబరులో పోలీసుచర్య ముగిసిన పిమ్మట సంస్థానమునందు చంపబడిన ముస్లిముల సంఖ్య 27,000 మొదలు 40,000 వఱకు ఉండునని, భారతప్రభుత్వమే పంపిన పండిత సుందర్‌లాల్ సంఘము అంచనా వేసినది. మిక్కిలి నష్టపడిన నాలుగు జిల్లాలలో నాందేడు మన ఆదిలాబాదున కానుకొనియే యున్నది. ఆ నివేదిక చాలకాలము వెలుగు చూడలేదు. ఒక జ్ఞాపకమును మాత్రమే చేతబట్టుకొని పొరుగువాని మతమును విచారించువాడు న్యాయాధిపతి యగునా, వాది యగునా?

గ్రంథమును చదివి యడుగుదమన్న, మన పెద్దల స్థితి చిత్రమైనది. నిజామురాష్ట్రమున ఉర్దూ రాజభాషగా నున్న దినములలో కరీంనగరు, ఆదిలాబాదు వకీళ్లును పట్వారులును ఉర్దూలో దస్తావేజులు వ్రాసిరి, ఫార్సీ సామెతలు ఉపన్యసించిరి. ఇరుగుపొరుగువారి భాష వచ్చినను వారి వేదమును విప్పి చూచినవారు మిక్కిలి తక్కువ. తెలుగులో ఖురాను తెచ్చినవారు చిలుకూరి నారాయణరావుగారు, 1925లో. వారు బ్రాహ్మణపండితులు, భాషాశాస్త్రవేత్తలు. వంగభాషలో ఆ పని చేసినవారు బ్రహ్మసమాజమునకు చెందిన గిరీశచంద్ర సేనుగారు. 1881లో ప్రకటన మారంభించి కొలది యేండ్లలో ముగించిరి. అంతకు మునుపే రాజా రామమోహనరాయలు 'తుహ్ఫతుల్ మువహ్హిదీన్' అను గ్రంథమును అరబ్బీ పీఠికతో ఫార్సీలో రచించి, ఏకేశ్వరవాదమును పాట్నా మదరసాల తర్కముతో సమర్థించిరి. నిందించుటకు గాక నేర్చుకొనుటకు చదివినవారు మన దేశమున లేకపోలేదని చెప్పుటకే ఈ పేర్లను స్మరించితిమి.

గ్రంథము చదివినంతనే చిక్కు తీఱునా? తీఱదు. మా మిత్రుల ప్రశ్నలోనే యొక యూహ దాగియున్నది: గ్రంథములో నున్నదే మతము, లేనిది మతము కాదు, అని. ఐదువేళల నమాజు ముస్లిముల ఆచారములలో ముఖ్యమైనది గదా. ఏ వేళ ఎన్ని రకాతులు చేయవలెనో ఖురానునందు చెప్పబడలేదు. అది ప్రవక్త యాచరణమునుండి, హదీసులనుండి వచ్చినది. ఇక మనవైపు చూతము. ఉపనిషత్తులను మాత్రమే చదివిన యన్యదేశీయుడొకడు వేములవాడకు వచ్చి, రాజన్న గుడిచుట్టు కోడెను త్రిప్పి కట్టివేయు భక్తులను జూచి, 'ఇది హిందూమతము కాదు, వీరికి తమ మతము తెలియదు' అన్నయెడల మనకు నవ్వు వచ్చునా, కోపము వచ్చునా? మాకు మాత్రము రెండును వచ్చును. అతడు కొంత నిజమే చెప్పెననియు తోచును. ఆ వేములవాడలోనే, ఆలయప్రాకారమున తరతరములుగా నొక దర్గా కలదు. రాజన్నకు మ్రొక్కినవారు అక్కడను మ్రొక్కుదురు. ఈ రెంటిలో నేది యేగ్రంథమున నున్నది?

పీర్ల మూలము మాత్రము చరిత్రలో స్పష్టముగనే కలదు. క్రీ.శ. 680లో, హిజ్రీ 61 మొహరము పదవనాడు, ప్రవక్త దౌహిత్రుడైన హుసేను యజీదునకు విధేయత చెప్ప నిరాకరించి, కర్బలాయొద్ద యూఫ్రటీసు నీరైనను అందనీయక ముట్టడించిన సేనచేత కొలదిమంది అనుచరులతో గూడ హతుడయ్యెను. చంపినవారును ముస్లిములే. ఇది పండుగ కాదు, శోకదినము. తెలియక శుభాకాంక్షలు చెప్పు విద్యావంతులను మేమెఱుగుదుము. షియాలైన కుతుబ్‌షాహీలు ఆ శోకమును తెలుగునేలకు దెచ్చిరి. హైదరాబాదులో బాద్‌షాహీ ఆశూర్‌ఖానాను కట్టించినది మహమ్మదుకులీ. యుద్ధధ్వజమునకు గుఱుతైన 'అలము' పల్లెలో పీరైనది. ఫార్సీలో పీరనగా పెద్ద, గురువు. ఆసఫ్‌జాహీలు సున్నీలైనను వాడుక నిలిచినది. హుసేను దప్పికను దలచి షర్బతు పంచుదురు. నడుమ పులివేషములును, డప్పులును, తెలుగుపాటలును చేరినవి. శోకము జాతరయైనది.

దీనిని ముస్లిములలోని సంస్కర్తలే పలువురు నిరసింతురు. దేవబందు విద్యాలయము 1866లో స్థాపింపబడినది మొదలు, దేవునికి దక్క నితరులకు మ్రొక్కరాదని, పీర్లును దర్గాల మ్రొక్కుబళ్లును ఖురానునకు విరుద్ధములని వారు బోధించుచున్నారు. ఆ బోధ వినినపుడు మాకు మొదట సంతోషము కలిగినది. మనము మన యిండ్లలో చెప్పునదియు నదియే గదా! ఇటీవల హిందువులలోను, పరమతపు పీరునకు మన వారేల మ్రొక్కవలెనను మాట వినవచ్చుచున్నది. ఆ మాట మాకు సంతోషము గలిగింపలేదు. ఇరువురును పీర్లను విడువుమనుటయే గదా, భేదమేమి? ఒకరు దేవుడొక్కడనుటచే విడువుమనుచున్నారు. రెండవవారు మనుష్యులు రెండనుటచే విడువుమనుచున్నారు. ఐనను ఫలమొక్కటియే కావచ్చును: పల్లెలో ఇరుతెగలవారు పదిదినములు కూడియుండు చోటు లేకుండబోవుట. 2008లోను, 2020, 2021లలోను భైంసాలో జరిగిన అల్లర్లను తలచుకొన్నచో ఇట్టి చోటు విలువ తెలియును. మా చిక్కు ఇచ్చటనే. సత్యమని నమ్మినదానిని స్నేహముకొఱకు దాచవచ్చునా? స్నేహము నిలిపినదానిని అసత్యమని త్రోసివేయవచ్చునా?

మేమెంత యాలోచించినను ఇంతవఱకే రాగలిగితిమి. ముస్లిము పీరును మానవలెనా, ఉంచుకొనవలెనా యనుట అతని మతములోని వారు తేల్చుకొనవలసినది. మనము ఖురానును చేతబట్టుకొని అతనికి ఇస్లాము బోధించుట, పాదిరీలు మనకు వేదము బోధించినట్లే యుండును. కాని పీరునకు మ్రొక్కుచున్నవాడు హిందువైనప్పుడు ఆ ప్రశ్న మనదే. అతనికి మనమేమి చెప్పవలెను? ఉమరు ఱాతిని ఱాయి యని తెలిసియే ముద్దాడెను. ఆ తెలివితో చేయబడు మ్రొక్కును ప్రతిమారాధనమనవచ్చునా యని మేము మిత్రుల నడిగితిమి. వారు, అందఱును ఉమరులు కారు గదా యనిరి. అదియు నిజమే.

ఆ సాయంకాలము దట్టీ కట్టి వచ్చుచున్న వృద్ధురాలొకతెను మిత్రులే పిలిచి, "అవ్వా, నీవు మ్రొక్కినది ఎవరికి?" అని యడిగిరి. మనుమనికి జ్వరము వచ్చినప్పుడు మ్రొక్కుకొంటినని, తగ్గినదని, రాజన్నకు కోడె కట్టుట మఱియొకటి మిగిలియున్నదని ఆమె చెప్పెను. దేవుడొక్కడే గదా, ఇందఱికి మ్రొక్కులేల యని మిత్రులు మెల్లగా ననిరి. ఆమె వింతగా చూచి, "ఒక్కడేనయ్యా, ఇంకెందరుంటరు?" అని, కొంగుముడి విప్పి మా యిరువురి చేతులలోను కొంచెము మలీదా పెట్టి పోయెను. మేము తింటిమి. మిత్రులు దానిని చేత పట్టుకొని, ఏమియు మాటలాడక, బండి నిలిచిన త్రోవవఱకును మాతో నడిచివచ్చిరి. అప్పటికి చీకటి పడినది. వారు దానిని తినిరో, చెట్టుమొదట ఉంచిరో మేము చూడలేదు.