పుట్టమన్ను దేవుడు

కొమురవెల్లి గుట్ట మీద ఎటు చూసినా బండలే. అంత రాయి కళ్ళముందుంటే మల్లన్నను మాత్రం పుట్టమన్నుతో చేసుకున్నారు మనవాళ్ళు. సిద్దిపేటలో సైన్సు పాఠాలు చెప్పి రిటైరైన నాకు ఇది చాలాకాలం కొరుకుడు పడలేదు. కలకాలం నిలవాల్సిన దేవుడికి రాయిని కాదని మన్నెందుకు? అమ్మనడిగితే, "దేవుడు గట్టిగుండాల్నని ఎవలు చెప్పిండ్రు బిడ్డా?" అన్నది. కురుమోళ్ళ ఇంటి మనిషి. ఇంటి దేవుడి మీద అనుమానాలు ఆమె దగ్గర చెల్లవు.

గట్టిదనమే చూస్తే ఈ బండలకు సాటి ఏది? మన గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. 2017లో మా జిల్లాలోని నర్మెటలో పెద్దరాళ్ళ కాలం నాటి సమాధులు తవ్వినప్పుడు టన్నుల కొద్దీ బరువున్న మూతరాయి చూసి జనం నోరెళ్ళబెట్టారు. పోయినవాళ్ళ గుర్తు పోకూడదని ఆ కాలం వాళ్ళూ రాయినే నమ్ముకున్నట్టున్నారు. గీత రెండో అధ్యాయంలో ఆత్మకు చెప్పిన గొప్పా ఇలాంటిదే: ఆయుధానికి, నిప్పుకు, నీటికి, గాలికి అది లొంగదు. బండ లొంగేది సరిగ్గా ఆ నాలుగింటికే. ఆయుధం సంగతి క్రషర్లకు తెలుసు, మిగిలిన పని ఎండా వానా చూసుకుంటాయి.

గుట్ట వెనక ఒక బండ ఉంది. పైపొరలు ఉల్లిపాయలా లేచిపోతున్నాయి. ఒక పెచ్చు ఊడదీసి చూడండి. ఫెల్డ్‌స్పార్ గింజ మెరుపు పోయి, గోటితో గీకితే పొడి రాలుతుంది. దాన్ని ఆనుకుని ఉన్న క్వార్ట్జ్ గింజకు సూదితో పొడిచినా చీమ కుట్టినట్టైనా ఉండదు. రెండూ ఒకే బండలో పుట్టినవే. గాలిలోని కార్బన్ డయాక్సైడు వాననీటిలో కలిసి పలచని ఆమ్లమవుతుంది. అది పగుళ్ళలో దిగి ఫెల్డ్‌స్పార్‌ను కాస్త కాస్తగా బంకమన్ను చేస్తుంది, అందులోని పొటాషియాన్ని బయటికి లాగుతుంది. నల్ల అభ్రకంలోని ఇనుము తుప్పు పట్టి చెలక ఎర్రబడుతుంది. ఇదంతా వేల, లక్షల ఏళ్ళ పని. క్వార్ట్జ్ మాత్రం ఏ మార్పూ లేకుండా ఊడిపడి ఇసుకై వాగుకు చేరుతుంది.

ఒట్టి ఇసుకలో మక్కజొన్న వేసి చూడండి, తెలుస్తుంది. నీళ్ళు నిలవవు, ఎరువు నిలవదు. రెండింటినీ పట్టి ఉంచేది బంకమన్ను. చెదలు పుట్ట పెట్టేటప్పుడు కింది నుంచి ఏరి తెచ్చుకునే మెత్తటి మన్నులో ఉండేదీ అదే. అంటే మల్లన్న ఒళ్ళు ఆ గ్రానైటులో లొంగిన భాగం.

ఇక్కడ త్యాగం అనే మాట నోటిదాకా వస్తుంది. నేను మింగేస్తాను. రాయికి త్యాగం తెలియదు, వానకు దయ తెలియదు. ఇంకో సంగతి, పగలడం వేరు, మారడం వేరు. క్రషర్ గంటలో కొట్టిపడేసే కంకర ఎంత చిన్నదైనా గ్రానైటే, మన్ను కాదు. పగులు నీటికి దారి చూపిస్తుంది, అంతే. కష్టాలు మనిషిని మారుస్తాయని ఊరికే అనేస్తాం గానీ, కష్టంతో ముక్కలై లోపల అణువంతైనా మారనివాళ్ళను నేను చాలామందిని చూశాను.

ఇదంతా కోమటి చెరువు కట్ట మీద నడుస్తూ, వేదాంతం చదువుకున్న ఒక సారుకు చెప్పాను. ఆయన నవ్వి, "అట్లయితే మీ లెక్కల ఆత్మ ఇసుకా మేడం?" అన్నారు. మాట సూటిగా తగిలింది. తర్వాత ఆయనే సర్దారు: మారనిది బండలో గింజ కాదు, గింజ మారడాన్ని చూసే సాక్షి అని. కాదనడానికి నా దగ్గర ఆధారమేమీ లేదు. కానీ ఆ సాక్షికి ఆకలి లేదు, అలక లేదు, పెళ్ళి లేదు. మల్లన్నకు మేడలమ్మ, కేతమ్మ ఇద్దరు భార్యలు. ఒగ్గు పూజారులు రంగుల పొడులతో ఆయన ముందు పట్నమనే ముగ్గు వేసి, కథ చెప్పి, ఆ పట్నాన్ని వాళ్ళే తొక్కేస్తారు. చెదిరిన ఆ పొడి చిటికెడు దొరికితే చాలని జనం మీద పడతారు. చెదరని పట్నంలోంచి ఎవరికీ ఏదీ అందదు మరి. సాక్షి కోసం బోనం వండాలని మా అమ్మకు ఎన్నడూ అనిపించలేదు.

"అది భక్తి, నేను చెప్పేది జ్ఞానం" అన్నారు సారు. మట్టి గురించి నేను చెప్పిందీ జ్ఞానమే కదా అన్నాను. ఆయన ఒప్పుకోలేదు.