నామదేవుడి గుడిసె, అవ్వ ఇంటి దూలం

ఈ వారం వీడియోలో నామదేవుడి గుడిసె కథ పదకొండు నిమిషాల్లో చెప్పేశాను. ఎడిటింగ్‌కి కూర్చున్నప్పుడు గమనించాను, ఒకచోట నా గొంతు తడబడింది. ఆ ముక్క కట్ చేసేశాను. ఎందుకు తడబడ్డానో ఇక్కడ రాస్తున్నాను. వీడియో చూడనివాళ్ళ కోసం ముందు కథ.

నామదేవుడు పండరిపురం విఠలుడి భక్తుడు. 13వ శతాబ్దం మనిషి, దర్జీల కుటుంబంలో పుట్టాడు. ఒకసారి ఆయన గుడిసె కప్పు పోయింది. మంటల్లో కాలిపోయిందని కొందరు చెప్తారు, గాలివానకి లేచిపోయిందని ఇంకొందరు. ఏదైతేనేం, చూస్తుండగానే ఆ గుడిసెకి చక్కటి కొత్త కప్పు వచ్చింది. పక్కింటావిడ వచ్చి చూసింది. "నామయ్యా, ఎవరు వేశారయ్యా ఇంత బాగా? నువ్విచ్చిన కూలికి రెండింతలిస్తా, ఆ వడ్రంగి ఎవరో చెప్పు" అంది. నామదేవుడు ఏమన్నాడంటే, అమ్మా, ఆయన్ని పంపడం నా చేతిలో లేదు, ఆయన లేని చోటు లేదు, కూలి మాత్రం ప్రేమే అడుగుతాడు అని. ఈ సంభాషణ ఆయన పాటగా సిక్కుల గురుగ్రంథ్ సాహిబ్‌లో ఉంది. నామదేవుడివి 61 రచనలు అందులో చేరాయి. పండరిపురం దర్జీ పాట పంజాబ్ గురుద్వారాలో వినిపిస్తుందన్నమాట.

ఈ కథలో నాకు బాగా నచ్చేది పక్కింటావిడ. ఆవిడ దర్శనం అడగలేదు, మోక్షం అడగలేదు. మేస్త్రీ నంబర్ అడిగింది. ఆవిడ ఇంటి కప్పు కూడా కారుతూ ఉండుంటుంది. ఇంకో సంగతి, విఠలుడి విగ్రహం ఎప్పుడైనా చూశారా? రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని నిలబడి ఉంటాడు. కప్పు వేయాలంటే ఆ చేతులు నడుం మీంచి తీయాలి కదా.

సరే, ఇప్పుడు నా సంగతి.

నేను బీటెక్ చదివింది ఇబ్రహీంపట్నం దగ్గర. సాగర్ రోడ్డు మీద పొద్దున్నే వరసగా వెళ్ళే కాలేజీ బస్సులు మీలో చాలామందికి తెలిసే ఉంటాయి. నేనూ ఇద్దరు ఫ్రెండ్సూ ఒక అవ్వ దగ్గర రేకుల గది అద్దెకి తీసుకున్నాం. మా గది కొత్తది, మా అద్దె కోసమే వేయించింది. అవ్వ ఉండేది మాత్రం దాని పక్కనే, పాత గూనపెంకుల ఇంట్లో. మట్టి గోడలు. వానాకాలం వస్తే లోపల ఎక్కడెక్కడ ఏ గిన్నె పెట్టాలో అవ్వకి లెక్క ఉండేది. చుక్కలు పడే చప్పుడు విని, "గీ వాన రాత్రంత ఆగది బిడ్డా" అని చెప్పేది. మాకు అది తమాషాగా ఉండేది. ఒకసారి ఆ గిన్నెల చప్పుడు రికార్డు చేసి స్టేటస్ కూడా పెట్టాం. ముగ్గురం ఇంజనీరింగ్ చదువుతున్నాం, అందులో ఒకడు సివిల్. నాలుగేళ్ళలో మాలో ఒక్కడు కూడా నిచ్చెన వేసుకుని పైకెక్కి చూడలేదు.

2020 అక్టోబర్ 13 రాత్రి హైదరాబాద్‌లో పడ్డ వాన ఎవరూ మర్చిపోలేరు. మా కాలనీలో కార్లు తేలాయి. ఆ వానల్లోనే ఇబ్రహీంపట్నం ప్రాంతంలో ఒక పాత ఇంటి కప్పు కూలి నలభై ఏళ్ళ తల్లీ, పదిహేనేళ్ళ కూతురూ చనిపోయారని వార్త వచ్చింది. ఆ లైన్ చదివి నా చేతులు చల్లబడిపోయాయి. అవ్వకి ఫోన్ చేస్తే కలవలేదు. అవ్వ ఒంటరిది, కూతురు లేదు, వార్తలో ఉన్నది అవ్వ కాదని తెలుసు. అయినా రాత్రంతా చేస్తూనే ఉన్నాను. మర్నాడు మధ్యాహ్నం ఎత్తింది. "మంచిగనే ఉన్న బిడ్డా, వంటింటి మూలకు గోడ జర జారింది" అంది. నేను వెంటనే మాటిచ్చాను, "దసరాకి వచ్చి కప్పు బాగుచేయిస్తా అవ్వా" అని.

దసరాకి వెళ్ళలేదు. ఆ తర్వాత వచ్చిన కార్తీకమాసంలో మన ఛానల్‌లో ముప్పై రోజులు ముప్పై వీడియోలు పెట్టాను, పాతవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. దీపదానం గురించి చెప్పాను, ఉసిరిచెట్టు గురించి చెప్పాను. అవ్వ కప్పు అలాగే ఉంది.

మధ్యలో ఒక చిన్న విషయం జరిగింది. మా క్లయింట్ వైపు ఒక అమెరికన్ పెద్దాయన ఉండేవాడు, ప్రతి వేసవిలో ఒక వారం సెలవు పెట్టేవాడు. ఏదో బీచ్‌కి వెళ్తాడనుకునేవాణ్ని. ఒకసారి కాల్‌లో అడిగితే, వాళ్ళ చర్చి పిల్లలని తీసుకుని అపలాచియా కొండల్లో పేదవాళ్ళ ఇళ్ళు బాగుచేయడానికి వెళ్తానన్నాడు. 1969లో టెక్స్ ఎవాన్స్ అనే మెథడిస్ట్ పాస్టర్ మొదలుపెట్టిన పని అది, పేరు అపలాచియా సర్వీస్ ప్రాజెక్ట్. మొదటి వేసవిలో కెంటకీలోని బార్బర్‌విల్‌లో యాభైమంది కలిసి నాలుగు ఇళ్ళు బాగుచేశారు. యాభైమందికి నాలుగే ఇళ్ళు! మన భాషలో చెప్పాలంటే ఎఫిషియెన్సీ జీరో. వాళ్ళు పెట్టుకున్న లక్ష్యం కూడా అంత చిన్నదే. ఇల్లు ఇంకాస్త వెచ్చగా, ఇంకాస్త భద్రంగా, ఇంకాస్త పొడిగా ఉండాలి, అంతే. "పొడిగా" అన్నమాట దగ్గర నాకు అవ్వ గిన్నెలు గుర్తొచ్చాయి. కాల్ అయిపోయింది, ఇంకో కాల్ మొదలైంది.

2023లో ట్రాన్స్‌క్రిప్ట్స్ కోసం కాలేజీకి వెళ్ళాల్సి వచ్చి, మొహం చెల్లకపోయినా అవ్వ ఇంటికి వెళ్ళాను. కప్పు మారిపోయి ఉంది. చెదపట్టిన దూలం స్థానంలో ఇనుప పైపు. పగిలిన పెంకుల చోట, ఎక్కడో కూల్చిన ఇంటి నుంచి ఏరుకొచ్చిన మంచి పెంకులు. జారిన మూల రాయీ సిమెంటూ పెట్టి కట్టారు. వంటింటి మీద రేకులు.

"ఎవరు చేశారవ్వా?"

"చర్చి పొరగాళ్ళు బిడ్డా. మూడు ఐతారాలు వచ్చిన్రు."

నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఏంటో నిజాయితీగా చెప్తాను. "మతం మారమన్నారా?" అని అడిగాను. బాగుందవ్వా అనలేదు. నీకు ఇప్పుడు నిద్ర పడుతోందా అని అడగలేదు.

అవ్వ నా వైపు కాసేపు చూసి, "దూలం మార్చమన్న బిడ్డా, దూలం మార్చిన్రు" అంది.

వాళ్ళలో ఒకతను పెయింటర్, ఒకతను కరెంటు షాపులో పనిచేస్తాడు, ఇద్దరు డిగ్రీ చదువుతున్నారు, వాళ్ళలోనే ఒక మేస్త్రీ దగ్గరుండి చూసుకున్నాడు. డబ్బులు తలా కొంచెం వేసుకున్నారు. పొద్దున ప్రార్థన అయ్యాక వచ్చేవాళ్ళట. కప్పు విప్పేముందు గోడకున్న ఎల్లమ్మ తల్లి పటం, వెంకటేశ్వరస్వామి పటం దించి, దుమ్ము పడకుండా అవ్వ పాత చీరలో చుట్టి, పనంతా అయ్యాక "అవ్వా, ఎక్కడ పెట్టాలె" అని అడిగి మళ్ళీ మేకు కొట్టి తగిలించారు. మేకులు కొత్తవి. నేను వాటినే చూస్తూ నిలబడ్డాను.

చివరి రోజు వాళ్ళలో ఒకతను ప్రార్థన చేశాడట. అవ్వ కూడా చేతులు జోడించింది, ఎల్లమ్మ వైపు తిరిగి. ఆ ప్రార్థన సంగతి విన్నప్పుడు నాకు ఇబ్బందిగా అనిపించింది. ఇప్పటికీ కొంచెం ఉంది, లేదని అబద్ధం చెప్పను. సాయం చేసే చేయి ప్రతిఫలంగా విశ్వాసాన్ని అడిగితే అది తప్పే, ఎవరు అడిగినా సరే. కానీ ఇక్కడ వాళ్ళు అడగలేదు. అవ్వ మంగళవారం ఎల్లమ్మకి పెట్టే పసుపుబొట్టు పెడుతూనే ఉంది. మరి నా ఇబ్బంది ఎక్కడిది? బస్సు దిగేదాకా ఆలోచించాను. ఆ పని నాది, నేను చేయలేదు. చేసినవాళ్ళలో లోపం దొరికితే నా బరువు కాస్త తగ్గుతుంది కదా, అందుకే వెతుకుతున్నాను.

ఇలాంటి పని తెలుగు నేలకి కొత్తేం కాదు. అమెరికాలో 1976లో ఫుల్లర్ దంపతులు క్రైస్తవ విశ్వాసంతో మొదలుపెట్టిన హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ అనే సంస్థ 1983లో మన దేశానికి వచ్చినప్పుడు మొదట అడుగుపెట్టింది మన ఖమ్మంలోనే. ఇల్లు పొందేవాళ్ళు కూడా దాని పనిలో చెమటోడ్చాలి అనేది వాళ్ళ పద్ధతి. మనవాళ్ళూ తక్కువ తినలేదు. 1977 నవంబర్ 19న ఉప్పెన దివిసీమని తుడిచిపెట్టేశాక రామకృష్ణ మిషన్ అక్కడ సహాయం చేసింది, ఇళ్ళు కట్టించింది. పెద్ద ఆపద వస్తే మన చేతులు కూడా లేస్తాయి. రోజూ కారే చిన్న చిల్లు దగ్గరే లేవవు.

మా ఆఫీసులోనూ ఇంతే. కొత్త ఫీచర్ రిలీజ్ చేస్తే కేక్ కట్ చేస్తారు. ఏడేళ్ళ పాత బగ్‌ని ఎవరైనా కూర్చుని సరిచేస్తే ఒక థంబ్స్ అప్ వస్తుంది, అదీ మేనేజర్ చూస్తే.

కానీ మన ధర్మం అలా లేదు. జీర్ణోద్ధారణ అనే మాట వినే ఉంటారు. పాతబడి శిథిలమైనదాన్ని మళ్ళీ నిలబెట్టడం. అగ్నిపురాణంలో దీనికి ప్రత్యేకంగా విధి చెప్పారు. మన దక్కన్ ప్రాంతపు పాత శాసనాల్లో "ఖండస్ఫుటిత జీర్ణోద్ధారణ" అని ఒక మాట పదేపదే వస్తుంది. విరిగినవీ, బీటలు వారినవీ బాగుచేయడానికి అని అర్థం. గుడికి భూమి ఇచ్చిన రాజు దీపానికి ఇంత, నైవేద్యానికి ఇంత అని రాస్తూ, దానితో పాటే పగుళ్ళ కోసం కూడా దానం రాయించేవాడు. అంటే కట్టిన రోజే, ఇది ఒకరోజు కారుతుంది అని వాళ్ళకి తెలుసు. పగులు పూడ్చడం కూడా పూజా ఖర్చుల్లోనే లెక్క.

మనం ఈ మాటని గుడులకీ చెరువులకీ వాడతాం. మనిషి ఇంటికి ఎందుకు వాడకూడదు? భాగవతం మూడో స్కంధంలో కపిలుడు తల్లి దేవహూతికి చెప్పేది చూడండి. నేను అన్ని ప్రాణుల్లోనూ ఉన్నాను, అక్కడ నన్ను లెక్కచేయకుండా విగ్రహంలో మాత్రమే పూజించేవాడు బూడిదలో హోమం చేస్తున్నట్టే అంటాడు. ఇది గుడికి వెళ్ళొద్దని చెప్పడం కాదు, అదే అధ్యాయంలో ఆయన అర్చన కూడా చేయమనే చెప్తాడు, సర్వభూతాల్లో ఉన్న నన్ను నీ హృదయంలో గుర్తించేదాకా. నేను ఈ శ్లోకాల మీద రెండేళ్ళ క్రితం వీడియో చేశాను. మంచి వ్యూస్ వచ్చాయి.

కుచేలుడి ఇల్లు గుర్తుందా? ఆయన నోరు తెరిచి అడగలేదు. కృష్ణుడు కూడా ఇస్తున్నానని చెప్పలేదు. ఆయన ఊరికి తిరిగి వెళ్ళి చూసుకునేదాకా తెలియలేదు. అవ్వ కూడా నన్ను ఎప్పుడూ అడగలేదు. మాటిచ్చింది నేనే, ఆ మాటని మళ్ళీ ఒక్కసారి కూడా గుర్తు చేయలేదు. ఆ రోజు టీ ఇచ్చి, "నౌకరి మంచిగుందా, పెండ్లెప్పుడు" అనే అడిగింది.

ఇప్పుడు రోహిణి కార్తె నడుస్తోంది. అవ్వ ఇంటికి రెండు సందుల వెనక భార్యాభర్తలు, ఇద్దరూ పెద్దవాళ్ళు, ఉన్నారు. కప్పు ఒకవైపు కుంగింది. అవ్వే ఫోన్ చేసి చెప్పింది, మృగశిరలోపు మూయకపోతే ఈసారి నిలబడదని. నాతో చదివిన ఆ సివిల్ వాడు వస్తానన్నాడు. ఛానల్ టీమ్‌లో ఇద్దరు వస్తున్నారు, కెమెరా తేవద్దని చెప్పాను. నాకు తెలిసిన మేస్త్రీ ఎవరూ లేరు. అవ్వ దగ్గర ఆ చర్చి మేస్త్రీ నంబర్ ఉంటే తీసుకుని చేశాను. ఎవరు మాట్లాడేది అని అడిగాడు. అవ్వ దగ్గర అద్దెకున్న పిల్లాణ్ని అన్నాను. రోజు కూలి ఎంతో అడిగితే, పని చూశాక మాట్లాడదాం అన్నాడు. ఐతారం మధ్యాహ్నం దాకా తనకి వీలు కాదట, శనివారమే పొద్దున ఆరింటికి రమ్మన్నాడు, ఎండ ముదరకముందే పెంకులు దించాలట.

"నిచ్చెన తెచ్చుకోవాలా అన్నా?" అని అడిగాను.

"అవ్వ ఇంటి ఎనక పెట్టిపోయినం. తీస్కపో" అన్నాడు.