సున్నా ఎక్కడుందో

ధ్యానభాగం: ఆదికాండము 50:15–21

ఆర్మూరు నుంచి మెట్‌పల్లి పోయే 63వ నంబరు జాతీయ రహదారి మీద, మోర్తాడ్‌లాంటి ఊళ్ల మెకానిక్ షెడ్లలో తరచూ కనిపించే తగాదా ఇది. మెకానిక్ థ్రాటిల్ బాడీ విప్పి, లోపలి గుండ్రటి రేకు అంచున పేరుకున్న నల్లటి కార్బన్‌ను స్ప్రే కొట్టి తుడుస్తాడు. తిరిగి బిగించి స్టార్ట్ చేస్తే, 800 ఆర్‌పీఎం దగ్గర తిరగాల్సిన ఇంజన్ పెడల్ తొక్కకుండానే 1500 మీద గోల పెడుతుంది. "బాగున్న బండిని ఖరాబు చేసినవా ఏందన్నా?" అంటాడు ఓనరు.

బండి ఖరాబు కాలేదు. ఇప్పటి కార్లలో పెడల్‌కూ థ్రాటిల్‌కూ మధ్య వైరు లాగుడు లేదు. పెడల్ దగ్గరి సెన్సర్లను బట్టి కంప్యూటరే చిన్న మోటారుతో ఆ రేకును తిప్పుతుంది. మసి గాలికి అడ్డుపడిన కొద్దీ రేకును ఇంకాస్త తెరిచి ఉంచడం అలవాటు చేసుకుంది. మసి పోయింది, అలవాటు పోలేదు.

యోసేపు అన్నలకూ ఇదే జరిగింది. ఒకప్పుడు వాళ్లు అమ్మేసిన తమ్ముడే వాళ్లను ముద్దు పెట్టుకుని ఏడ్చాడు. ఆ తర్వాత వాళ్ల తండ్రి యాకోబు ఐగుప్తులో 17 ఏళ్లు బతికాడు. అన్నేళ్లూ తమ్ముడు పెట్టిన తిండి తిన్నవాళ్లే, తండ్రి కన్నుమూయగానే పగ తీర్చుకుంటాడేమోనని వణికారు. క్షమించమని నాన్నే చెప్పాడంటూ కబురు పంపారు. యాకోబు ఆ మాట అన్నట్టు ఆదికాండములో మరెక్కడా లేదు; భయమే దాన్ని అల్లిందని నాకనిపిస్తుంది. అది విని యోసేపు మళ్లీ ఏడ్చాడు. దాసులమంటూ సాగిలపడితే ఒప్పుకోలేదు. మిమ్మల్నీ మీ పిల్లల్నీ పోషిస్తానని ప్రేమగా మాట్లాడాడు.

కంప్యూటర్ పాత అలవాటు పోగొట్టడానికి చాలా బండ్లకు సెట్టింగ్ ఇలా చేస్తారు: ఇంజన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్‌లో పెట్టి, పెడల్ మీంచి కాలు పూర్తిగా తీసి ఆగాలి. మోటారు సన్నగా గరగరమంటూ రేకును మూసి, సున్నా ఎక్కడుందో చూసుకుంటుంది. కొన్ని మోడళ్లకు స్కానర్ కావాలి. ఆగలేక మధ్యలో పెడల్ తొక్కితే మళ్లీ మొదటికే. క్షమాపణ పొందాక కూడా మరో ఉపవాసం, మరో కానుక, మరో సేవ అంటూ మనం తొక్కుతూనే ఉంటాం. ఆదివారం గుడిలో ఊపిరాడకుండా పరుగులు పెట్టే కొందరిలో నాకు ఆ 1500 వినిపిస్తుంది.

ప్రార్థన: ప్రభువా, ఈ పొద్దు ఏమీ చేసి చూపించకుండా నీ ఎదుట కాసేపు కూర్చోనివ్వు. గెట్టు తగాదాలో నేను క్షమించిన మా అన్న నన్ను చూసి ఇంకా పక్క తోవలో పోతున్నాడు. ఎదురెళ్లి పలకరించే ధైర్యమివ్వు. ఆమేన్.