మతిమరుపు వచ్చినవారికి నడక నేర్పడం దండగా?

మహారాష్ట్రలోని మాహూరు కొండ మీద రేణుకాదేవి గుడిలో పూజలందుకునేది అమ్మవారి ముఖం ఒక్కటే. మహాభారతం వనపర్వంలో, తండ్రి మాట మీద తల్లి రేణుకను చంపిన పరశురాముడు ఆ తండ్రి జమదగ్నినే అడిగిన వరాల్లో రెండు పక్కపక్కనే ఉంటాయి: తల్లి తిరిగి లేవాలి, తనను చంపిన సంగతి ఆమెకు గుర్తుండకూడదు. ఆ జ్ఞాపకం పోయినా రేణుక తల్లి కాకుండా పోలేదు. పక్షవాతంతో పాటు మతిమరుపూ వచ్చిన పెద్దవాళ్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం, చెప్పింది గుర్తుండనివారికి ఫిజియోథెరపీ ఎందుకని తేల్చేస్తాం. పరిశోధకులూ తక్కువ తినలేదు, చాలా అధ్యయనాల్లో ఇలాంటివారిని చేర్చుకోనే లేదు.

గుర్తుండటం, నేర్చుకోవడం ఒకటి కావు. 1953లో మెదడు ఆపరేషన్ తర్వాత కొత్త సంగతులేవీ గుర్తుండని హెన్రీ మొలాయిసన్, అద్దంలో చూస్తూ నక్షత్రం గీయడంలో రోజురోజుకూ మెరుగయ్యాడు. నిన్న గీసిన సంగతి మాత్రం అతనికి తెలియదు. బ్రెండా మిల్నర్ దీన్ని 1962లో ప్రచురించారు. అతనిది పక్షవాతం కాదు కదా అనొచ్చు, నిజమే. పక్షవాతంలో దెబ్బ తగిలిన చోటును బట్టి ఇలా నేర్చుకునే శక్తీ సన్నగిల్లవచ్చు. కానీ అది ప్రయత్నించి చూడాల్సిన విషయం, ముందే తీర్పు చెప్పేది కాదు. ప్రయత్నమంటే రోజూ అదే కుర్చీ, అదే వరస: పాదాలు వెనక్కి, ఒళ్లు ముందుకు, ఆపైన లేవడం. ఈ జబ్బు పూర్వకర్మ అనేవారికి ఒకటే జవాబు: పట్టి లేపడమూ కర్మే. సేవ చేసేవారి అలసట మాత్రం గట్టి అభ్యంతరం. దానికి మనిషి సాయం కావాలి, వేదాంతం చాలదు.